స్నానంతో సరి

మా వంటింట్లో ఉప్మా రవ్వ పోసుకునే స్టీలు డబ్బా ఒకటుంది. దాన్ని మా ఆవిడ "చిన్నోడి డబ్బా" అంటుంది. ఎప్పట్నుంచి అంటోందో నేను గమనించలేదు. కావాలని పెట్టిన పేరు మాత్రం కాదు. ఒకే సైజు డబ్బాలు వరసగా ఉన్నప్పుడు దేన్ని ఏమనాలో తేలాలి కదా, అలా అలవాటైపోయిన పేరు. మొన్నో ఆదివారం పొద్దున నేను పేపరు చదువుకుంటుంటే లోపల్నుంచి కేకేసింది. "ఏమండీ, చిన్నోడి డబ్బా నిండుకుంది, బజారుకెళ్తే రవ్వ తెండి." సరేనన్నాను. పేపరు మడిచి, సంచీ అందుకుని, చెప్పులేసుకునేదాకా నాకేమీ అనిపించలేదు. మెట్లు దిగుతుంటే పట్టుకుంది. ఒకప్పుడు ఆ పేరు ఎవరైనా ఎత్తితే మా ఇంట్లో మాటలు ఆగిపోయేవి, కంచాల ముందు చేతులు ఆగిపోయేవి. ఇప్పుడు అదే పేరు వినపడితే రవ్వ ఎంత తేవాలా అని ఆలోచిస్తున్నాను. దీన్ని మర్చిపోవడం అనాలా, గుర్తుంచుకోవడం అనాలా? బజారు నుంచి తిరిగొచ్చాక కూడా తేలలేదు. అప్పట్నుంచి సతాయిస్తూనే ఉంది.

చిన్నోడంటే మా మేనమామ రెండో కొడుకు. నాకు బావమరిది, నాకన్నా పదకొండేళ్ళు చిన్న. ఇరవై తొమ్మిదో ఏట, రాత్రిపూట బండి మీద తెనాలిలో ఇంటికొస్తూ పోయాడు. ఆ రాత్రి గురించి ఇంతకుమించి చెప్పను. చెప్పుకున్నకొద్దీ అది వాడి కథ కాకుండా లారీ కథ అయిపోతుంది. పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక వచ్చినవాళ్ళకి ఇంటికొకటి చొప్పున ఈ డబ్బాలు పంచారు. మూత మీద కరెంటు సూదితో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. పైన కీ.శే. అని, దాని పక్కన రేషన్ కార్డులో తప్ప ఎవరూ వాడని వాడి అసలు పేరు, కింద రెండు తేదీలు, ఆ కింద "జ్ఞాపకార్థం, తల్లిదండ్రులు" అని. చివర్లో చోటు చాలక "లు" మూత అంచు మీదికెక్కింది. మనవాళ్ళకి గిన్నెల మీద పేర్లు కొట్టించడం కొత్తేమీ కాదు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో సామాను కలిసిపోతే ఎవరిది ఎవరిదో తెలియాలని బిందె నుంచి గరిటె దాకా కొట్టిస్తాం. ఆ రోజు మా మామయ్య షామియానా చివర నిలబడి, వెళ్ళిపోతున్న ఒక్కొక్కరినీ ఆపి "డబ్బా అందిందా?" అని అడిగాడు. పెళ్ళిలో తాంబూలం అందిందా అని అడిగినట్టే, అదే గొంతుతో అడిగాడు. కొడుకు చేత తలకొరివి పెట్టించుకోవాల్సిన మనిషి కొడుక్కి తలకొరివి పెట్టి, పదకొండో రోజున లెక్క తప్పకుండా డబ్బాలు పంచాడు. ఆ గొంతు అంత మామూలుగా ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

ఆ రోజుల్లోనే నన్ను గుచ్చుకున్న మాట ఇంకొకటుంది. శ్మశానం నుంచి తిరిగొచ్చి పంపు దగ్గర నిలబడితే, మా ఇళ్ళల్లో ఇలాంటివన్నీ తెలిసిన పెద్దాయన ఒకరు ఎవరెవరికి ఎన్నాళ్ళు మైలో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పారు. ఈ లెక్క ఊరికో రకంగా, కులానికో రకంగా ఉంటుంది. మా వైపు దాయాదులకి పదిరోజులు. నా దగ్గరికొచ్చేసరికి, "నువ్వు మేనత్త కొడుకువి, ఇంటిపేరు వేరు. నీకు స్నానంతో సరి" అన్నారు. అని, పక్కవాడి లెక్కలోకి వెళ్ళిపోయారు. దాయాది చావు కోరతాడు, బావమరిది బతుకు కోరతాడు అని మనకో సామెత ఉంది. ఆ సామెత కట్టినవాళ్ళూ ఈ లెక్క కట్టినవాళ్ళూ ఒకే ఊళ్ళో కాపురం చేసినట్టు లేదు. చావు కోరేవాడికి పదిరోజులు, బతుకు కోరేవాడికి చెంబెడు నీళ్ళు. మామయ్యతో చేను గట్టు దగ్గర ఏళ్ళ తరబడి తగాదా పడుతున్న దాయాది ఒకాయన పదిరోజులూ గడ్డం పెంచుకుని, గుడికి వెళ్ళక, ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. నేను తడి తల తుడుచుకుని బజారుకెళ్ళాను. ఇదెక్కడి న్యాయం అని చాలాకాలం మండిపోయేది. ఇప్పుడు అంత మంట లేదు. పెద్దవాళ్ళు మరీ అంత అమాయకులా అని అనుమానం వస్తుంది. గట్టు తగాదా ఉన్నవాణ్ణే తీసుకొచ్చి ఆ అరుగు మీద పదిరోజులు కూర్చోబెట్టడంలో ఏదో గడుసుతనం ఉంది. లెక్క పెట్టి కూర్చోబెట్టకపోతే వాడు మూడో రోజుకే లేచి పోతాడు. బావమరిది సంగతి అలా కాదు, వాణ్ణి కూర్చోబెట్టక్కర్లేదు, వాడెలాగూ లేవడు అనుకున్నారేమో. నిజంగా అనుకున్నారో, నన్ను నేను సముదాయించుకోవడానికి వాళ్ళ నెత్తిన ఈ తెలివి రుద్దుతున్నానో.

మైల లేనివాడికే పనులన్నీ పడతాయి. పోస్టుమార్టం దగ్గర కాగితాల మీద సంతకాలు, ఫ్రీజరు బాక్సు, షామియానా, కుర్చీలు, ఎవరికి ముందు చెప్పాలో ఎవరికి తెల్లారాక చెప్పాలో చూసుకుని ఫోన్లు, కర్మ నాటికి వంటవాళ్ళు, విస్తళ్ళు, మంచినీళ్ళ క్యాన్లు. చుట్టంగా నేను బాగా పనికొచ్చాను. చూసినవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. ఆ హడావుడిలో నాకో దృశ్యం గుర్తుండిపోయింది. రోడ్డవతల వేపచెట్టు కింద నలుగురైదుగురు కుర్రాళ్ళు హెల్మెట్లు చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. వాడితో పనిచేసినవాళ్ళు. లోపలికి రమ్మని వాళ్ళనెవరూ అనలేదు, రావచ్చో రాకూడదో వాళ్ళకి తెలీదు. ఏ వరసా లేనివాళ్ళు చావింట్లో ఎక్కడ కూర్చోవాలి? ఒకడి భుజాన చిన్నోడి పనిముట్ల సంచీ ఉంది. ఎవరికివ్వాలో తెలీక పొద్దుట్నుంచి మోస్తూనే ఉన్నాడు. నీళ్ళ క్యాను ఎత్తుకుని వాళ్ళ పక్కనుంచి వెళ్తూ నేను వాళ్ళని చూసి అసూయపడ్డాను. వాళ్ళకి ఏ పనీ లేదు. ఊరికే నిలబడి వాణ్ణి తలుచుకుంటున్నారు. నాలోనూ అలా నిలబడాల్సినవాడు ఒకడున్నాడు. వాడికి ఆ రోజంతా తీరిక దొరకలేదు.

ఎందుకంటే చిన్నోడు నాకు ముందు చుట్టం, తర్వాతే స్నేహితుడు. నేను డిగ్రీలో ఉన్నప్పుడు వాడు నిక్కర్లేసుకుని సెలవుల్లో మా ఇంటికొచ్చి గోడలెక్కేవాడు. అప్పుడు వాడితో మాట్లాడేదేముంటుంది? పాలిటెక్నిక్ అయ్యాక విజయవాడలో లిఫ్టులు రిపేరు చేసే పనిలో చేరి, రూము దొరికేదాకా అని మా ఇంట్లో దిగాడు. రూము దొరికింది కానీ ఖాళీ చెయ్యడానికి చాలా నెలలు పట్టింది. రాత్రి పదింటికి చేతులకి గ్రీజుతో వచ్చేవాడు. "అక్కా, నువ్వు పడుకో, నేను పెట్టుకుంటా" అని మా ఆవిడని పంపించి, కంచంలో చల్లన్నం కలుపుకుంటూ ఆ రోజు సంగతులు మొదలెట్టేవాడు. ఏ అపార్టుమెంటులో ఎవరు ఇరుక్కున్నారు, తలుపు తీశాక ఎవరు ముందు తిట్టారు, ఎవరు కాళ్ళ మీద పడబోయారు. నేను పుస్తకాల్లో చదివిన మనుషులు వాడికి రెండు అంతస్తుల మధ్య దొరికేవారు. అలా మాట్లాడుకుంటూ ఉండగానే ఒకరోజు తెలిసింది, ఆఫీసులో ఏదైనా జరిగితే చిన్నోడికి చెప్పాలని సాయంత్రం దాకా దాచుకుంటున్నానని. వరస మా పెద్దవాళ్ళు కలిపారు. స్నేహం మేమిద్దరం కలుపుకున్నాం, అదీ మాకే తెలీకుండా.

ఓ మధ్యాహ్నం నన్ను మా అపార్టుమెంటు పైకి, లిఫ్టు మోటారు గదిలోకి తీసుకెళ్ళాడు. గదంతా వేడి, నూనె వాసన, గాడిలో తిరిగే ఇనప తాళ్ళు. వాడు లిఫ్టుని దయ్యంలా చూసే నా భయం పోగొట్టాలనుకున్నాడు. ఒకవైపు మనుషులెక్కే గది, ఇంకోవైపు ఇనప దిమ్మెల బరువు. ఆ దిమ్మెల బరువు ఖాళీ గది బరువుకి సమానం కాదట, గది మోయగలిగిన మనుషుల బరువులో దాదాపు సగం కలిపి కడతారట. "అందుకే బావా, బ్రేకు వదిలేస్తే ఖాళీ లిఫ్టు కిందపడదు, పైకి పోతుంది." నేను నోరు తెరిచాను. అన్నాళ్ళూ నేను భయపడ్డది తలకిందుల భయం అన్నమాట. ఖాళీ అయినవన్నీ పైకే పోతాయా అని ఏదో అనబోతుంటే నా మొహంలోకి చూసి, "ఇదిగో, మళ్ళీ వ్యాసం మొదలెట్టావ్" అని నవ్వాడు. నేను రాసేవన్నీ చదివేవాడు, చదివి వెక్కిరించేవాడు. ప్రతిదాంట్లోంచీ ఓ నీతి పిండుతానని వాడి ఫిర్యాదు. వాడు పోయాక ఆ ఖాళీ లిఫ్టు మాటని వాడి మీదికి తిప్పి రాయాలని చెయ్యి ఎన్నోసార్లు దురద పెట్టింది. తిప్పను. అది లిఫ్టు గురించి చెప్పిన మాట, లిఫ్టు గురించే ఉండనీ.

చదువుకునేవాడికి ఉన్న జబ్బేమిటంటే దుఃఖం వచ్చినా పుస్తకాల అలమర దగ్గరికెళ్తాడు. నేనూ వెళ్ళాను. గాలిబ్‌కి ఏడుగురు పిల్లలు పుట్టి ఒక్కరూ పసితనం దాటలేదు. భార్య ఉమ్రావ్ బేగం తోబుట్టువు కొడుకు, ఆరిఫ్ అనే కలం పేరుతో కవిత్వం రాసే యువకుణ్ణి కొడుకులా చూసుకున్నాడు. ఆ ఆరిఫ్ కూడా 1852లో పోయాడు, ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో. మన లెక్కలో కొడుకు వరస, కవిత్వంలో జత. ఆరిఫ్ మీద గాలిబ్ రాసిన గజల్ తీసి చదివితే నాకు ముందు ఆశ్చర్యం, తర్వాత ప్రాణం లేచొచ్చింది. అందులో పొగడ్త దాదాపు లేదు. ఉన్నదంతా దెబ్బలాట. ఇంకొన్నాళ్ళు ఆగాల్సింది, అంత తొందరేమొచ్చింది, ఒక్కడివే పోయావుగా, ఇప్పుడు ఒక్కడివే పడుండు అన్న ధోరణి. ఎదుటివాడు తలుపవతలే ఉన్నట్టు, వింటున్నట్టు. ఆ తర్వాత ఆరిఫ్ పిల్లలిద్దర్నీ గాలిబ్ దంపతులే తెచ్చుకుని పెంచారు. చుట్టం చెయ్యాల్సింది అలా చేశాడు. స్నేహితుడిగా చెయ్యాల్సింది ఆ గజల్లో చేశాడు, పోయినవాడి మీద అలిగి.

మరి ఏ చుట్టరికమూ లేని స్నేహితుడు పోతే ఏం చెయ్యాలి? వేపచెట్టు కింద నిలబడ్డ కుర్రాళ్ళలాగే కొందరు కవులు ఏళ్ళ తరబడి నిలబడ్డారు. "ఉదయిని" పత్రిక నడిపిన కొంపెల్ల జనార్దనరావు 1937లో క్షయతో పోయాడు. శ్రీశ్రీకి ఆయన జ్ఞాతీ కాదు, బంధువూ కాదు. నువ్వులూ నీళ్ళూ వదిలే హక్కు లేనివాడు ఏం వదలగలడు? 1950లో "మహాప్రస్థానం" అచ్చయినప్పుడు ఆ పుస్తకం కొంపెల్లకే అంకితమైంది. ఇంగ్లండులో టెనిసన్ సంగతి మా ఇద్దరి సంగతికి ఇంకా దగ్గర. ఆయన స్నేహితుడు ఆర్థర్ హాలమ్ ఆయన చెల్లెల్ని చేసుకోబోతున్నాడు, అంటే కాబోయే బావమరిది. 1833లో వియన్నాలో ఇరవై రెండేళ్ళకే పోయాడు. టెనిసన్ అతని మీద రాసిన కావ్యం బయటికొచ్చింది 1850లో. ఒక స్నేహితుడి మైల పదిహేడేళ్ళు పట్టింది. పది రోజులు, మూడు రోజులు, స్నానంతో సరి అని చెప్పే పెద్దాయన స్నేహానికి లేడు. ఎప్పుడు మొదలెట్టాలో చెప్పేవాళ్ళూ లేరు, ఎప్పుడు గడ్డం గీసుకుని లేవాలో చెప్పేవాళ్ళూ లేరు. ఇది స్వేచ్ఛా, శిక్షా? ఒక్కో రోజు ఒక్కో రకంగా ఉంటుంది.

ఈ పుస్తకాలన్నిటికన్నా నన్ను ఎక్కువ పట్టుకున్నది మా వైపు ఊళ్ళోనే ఉంది. ఓసారి చిన్నోడూ నేనూ తెనాలిలో రేపల్లె బండెక్కి భట్టిప్రోలులో దిగాం. అక్కడ బౌద్ధస్తూపం దిబ్బ ఉందని, చూద్దామని నా సరదా. సాయంత్రం బజ్జీలు తినొచ్చని వాడి సరదా. 19వ శతాబ్దంలో ఆ దిబ్బ ఇటుకల్ని పనుల కోసం తవ్వి తోలుకుపోయారు. మిగిలినదాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్విస్తే లోపల రాతి పేటికలు దొరికాయి. వాటి మీద బ్రాహ్మీ అక్షరాలు. క్రీస్తుకు పూర్వం రెండు మూడు శతాబ్దాల నాటివంటారు. ఒక పేటిక మీది మాటలకి అర్థం ఇది: కురుడి తండ్రి, కురుడి తల్లి, కురుడు, శివుడు కలిసి బుద్ధుడి ధాతువులు ఉంచడానికి ఈ పేటికనీ స్ఫటికపు భరిణెనీ చేయించారు. ఆ దిబ్బ పక్కన గడ్డిలో కూర్చుని నేను ఇదంతా చెప్తుంటే వాడు సగం వింటున్నాడనుకున్నాను. "అయితే బావా, ఆ అమ్మానాన్నలకి సొంత పేర్లు లేవా?" అన్నాడు. ఉండే ఉంటాయిరా, చెక్కించుకోలేదంతే అన్నాను. "రాయించింది దేవుడి డబ్బా మీద, రాసుకుంది కొడుకు పేరు" అన్నాడు. అని, బజ్జీల బండి కోసం లేచాడు.

ఆ మాట నేను అప్పుడు పట్టించుకోలేదు. పెద్దకర్మ నాడు డబ్బా చేతిలో పెట్టుకుని, మూత మీద చుక్కల అక్షరాలు చదువుతుంటే గుర్తొచ్చింది. "తల్లిదండ్రులు" అని ఉంది, మామయ్య పేరూ లేదు, అత్తయ్య పేరూ లేదు. రెండువేల ఏళ్ళకి పైబడిన రాతి పేటిక మీదా, కొట్లో కొన్న స్టీలు మూత మీదా అమ్మానాన్నలు తమ పేర్లు వదులుకుని కొడుకు పేరు కింద నిలబడ్డారు. ఒక్క తేడా ఉంది. ఆ కురుడు బతికుండి, వాళ్ళ పక్కన నిలబడి చెక్కించాడు. ఇంతకీ ఆ పేటికలోని ధాతువులకన్నా కురుడనే అనామకుడే నాకెందుకు గుర్తుండిపోయాడు? బహుశా అతని గురించి మనకి ఇంకేమీ తెలీదు కాబట్టి. మంచివాడో, చెడ్డవాడో, తల్లి మాట వినేవాడో కాదో. పేరొక్కటే మిగిలితే ఎవరైనా మంచివాడే అయిపోతాడు.

చిన్నోడి విషయంలో నా భయమూ ఇదే. మామయ్య ఇంట్లో గోడ మీద ఫోటో ఉంది. కాలేజీ గుర్తింపు కార్డులోది పెద్దది చేయించారు. వెనక స్టూడియోవాడు నీలం మేఘాలు పెట్టాడు. ఆ మేఘాల ముందు వాడు ఎన్నడూ లేనంత బుద్ధిగా ఉన్నాడు. చుట్టాలు చెప్పే కబుర్లు కూడా ఆ ఫోటోకి తగ్గట్టే తయారవుతున్నాయి. ఎంత నెమ్మదో, పెద్దలంటే ఎంత భయభక్తులో, మాటంటే మాటేనట. ఎవరి గురించి వీళ్ళు మాట్లాడేది? మంచం మీంచి లేవకుండా "దార్లో ఉన్నా బావా" అనేవాడు. నా దగ్గర తీసుకున్న అప్పుని ఇంకెవరికో అప్పిచ్చి, అది నాకొచ్చి గొప్పగా చెప్పాడు. పట్టుకెళ్ళిన పుస్తకాల్లో ఒక్కటి తిరిగిరాలేదు. అడిగితే "చదువుతున్నావా ఏంటి, అలమరలో పెట్టుకుంటావు అంతేగా" అన్నాడు. హెల్మెట్ని తల మీద కాక పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకుని నడిపేవాడు, మా ఆవిడ చూస్తుందని మా వీధి మలుపులో మాత్రం తగిలించుకునేవాడు. వీటిల్లో ఏదీ ఆ మేఘాల ముందు కనపడదు.

చుట్టాలు వాణ్ణి దేవుణ్ణి చేస్తారు, స్నేహితుడు మనిషిగా ఉంచుతాడు అని తేల్చేసి వ్యాసం ముగించేద్దామనుకున్నాను, బాగానే ఉంటుంది కూడా. కానీ అత్తయ్య ఒప్పుకోనివ్వలేదు. పోయినసారి వెళ్ళినప్పుడు భోజనాల వేళకి ఆ ఫోటో ముందు నిలబడి, కొంగుతో అద్దం తుడుస్తూ, "సన్నాసీ, అన్నం వేళకి ఏ రోజు ఇంటికొచ్చావురా నువ్వు" అని గట్టిగా తిట్టింది. తిట్టి, వెంటనే నా వైపు తిరిగి "పప్పు వేసుకో నాయనా, నెయ్యి వేడిగా ఉంది" అంది. ఆ ఇంట్లో వాణ్ణి వాడిలాగే ఉంచుతున్నది కన్నతల్లే. అంతకన్నా దగ్గర చుట్టరికం ఎక్కడుంది? నేను కష్టపడి గీసిన గీత ఆ ఒక్క తిట్టుతో చెరిగిపోయింది. గాలిబ్ చేసిందీ అత్తయ్య చేస్తున్నదీ ఒకటే. పోయినవాడి మీద తమకి జవాబు చెప్పాల్సిన బాధ్యత ఇంకా ఉందని వాళ్ళ లెక్క. పొగిడితే ఆ బాధ్యత తీరిపోతుంది. పొగిడినవాణ్ణి మళ్ళీ ఏమీ అడగలేం. మా ఆవిడకి మాత్రం ఈ గొడవలేమీ లేవు. రోజూ చేతికి తగిలే వస్తువుకి వాడి ముద్దుపేరు పెట్టి, ఆ పేరుని నోట్లో ఆడిస్తోంది. కీ.శే. పక్కనున్న అసలు పేరుతో ఆమెకి పనిలేదు. ఎవరి పద్ధతి వాళ్ళది. మధ్యలో నాకే ఏ పద్ధతీ కుదరక, ఇదిగో, మళ్ళీ వ్యాసం మొదలెట్టాను.

బావమరిది బతుకు కోరతాడని చెప్పిన సామెత ఆ బావమరిదే ముందు పోతే బావ ఏం కోరాలో చెప్పలేదు. వాడికి స్వర్గం కోరే అర్హత పదిరోజులు మైల పట్టినవాళ్ళది, వాళ్ళు కోరుకున్నారు. నేను కోరేది చాలా చిన్నది. వాడు నాకు లొంగకుండా ఉండాలి. నేనేదైనా వాక్యం మరీ తియ్యగా రాస్తే వెక్కిరించగలగాలి, నేను చెప్పేది తప్పనగలగాలి. అది జరగాలంటే వాడి తప్పులు వాడి దగ్గరే ఉండాలి, నేను క్షమించేయకూడదు. పుస్తకాల సంగతి పోనీ. అప్పు సంగతీ పోనీ. ఆ హెల్మెట్ విషయంలో మాత్రం నాకు వాడి మీద ఇంకా చాలా కోపం ఉంది. తగ్గించుకోమని చాలామంది చెప్పారు. నాకా తొందరేమీ లేదు.